గుడ్డ ఆరేదాకా ఆగడం కూడా పనిలో భాగమే

అమ్మా, నీ ప్రశ్న నిదానంగా చదివాను. నా కూతురి వయసు దానివి కాబట్టి ‘నువ్వు’ అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

నువ్వు రాసింది ఇది. తిరుపతిలో ప్రైవేటు ఉద్యోగం, రోజంతా కంప్యూటర్ ముందు. ఇంటికొచ్చి అన్నం తిని రాత్రి పన్నెండు దాకా గుడ్డ మీద కలంకారీ బొమ్మలు వేస్తావు. సరదాగా మొదలుపెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఆర్డర్లొచ్చాయి. ఇప్పుడు ఆదివారం కూడా ఖాళీ లేదు. టైము చాలక రంగులు హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడుతున్నావు. కొన్ని నెలలుగా చెయ్యి సాగడం లేదు, వేసిన నెమలే మళ్ళీ వేస్తున్నావు. పోనీ ఒకరోజు మానేసి పడుకుందామంటే ఏదో తప్పు చేసినట్టు టెన్షన్. “రెస్ట్ తీసుకోవడం నేర్చుకోవాలా, లేక నాలో ఉన్నది ఇంతేనా?” అని అడిగావు.

రెండోదానికి ముందు జవాబు చెప్తా. నీలో ఉన్నది ఇంతే అని తేల్చడానికి ఇది సమయం కాదు. అలిసిపోయిన మనిషి తన గురించి తాను చెప్పుకునే మాట నమ్మకూడదు. నేను శ్రీకాళహస్తిలో చిన్నప్పటి నుంచి ఈ పనిలోనే ఉన్నాను, ఎంతోమంది పిల్లలకు నేర్పాను. చెయ్యి సాగని రోజులు రాని పనివాడిని నేను చూడలేదు. మానేసి మళ్ళీ వచ్చినవాళ్ళకు గీత తిరిగి రాకపోవడం కూడా చూడలేదు. అసలు మన కలంకారీయే ఒకప్పుడు ఆగిపోయే దశకు వచ్చింది. 1950ల చివర్లో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ లాంటివాళ్ళ పూనికతో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి, మిగిలిన కొద్దిమంది పెద్దల చేత నేర్పించారు. మళ్ళీ లేచింది. నువ్వు నెల రోజులు కలం పక్కన పెడితే అది అలిగి వెళ్ళిపోదు.

ఇక మొదటిది. నీ ప్రశ్నలో నన్ను పట్టుకున్న మాట హెయిర్ డ్రయ్యర్.

మన పనిని ఒకసారి మొదటి నుంచి గుర్తు చేసుకో. గాడా అనే ముతక నూలు గుడ్డ తెచ్చి గంజి పోయేదాకా ఉతికి ఎండలో పరుస్తాం. కరక్కాయ నూరి కలిపిన ఎనుము పాలలో ముంచి, పిండి, ఆరేస్తాం. పాలలో ఉన్న కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు, కరక్కాయ వగరు నలుపును పట్టుకుంటుంది. కాల్చిన చింతపుల్లతో బొమ్మ గీసుకుని, కసిమితో, అంటే ఇనుము పులియబెట్టిన నీళ్ళతో, నల్ల గీత వేస్తాం. అది ఆరాలి. ఎరుపు రావాల్సినచోట పటిక నీళ్ళు పూసి, అవి నూలులోకి ఇంకేదాకా వదిలెయ్యాలి. ఆ తర్వాత పారే నీళ్ళలో జాడించాలి, మంజిష్ఠ లాంటి వేర్లు, చెక్కలు వేసి ఉడకబెట్టాలి, మళ్ళీ ఎండలో పరవాలి. మళ్ళీ పాలు, మళ్ళీ ఆరబెట్టడం. అప్పుడు కరక్కాయ పువ్వు పసుపు, ఆ తర్వాత నీలిమందు. ఇందులో కలం చేతిలో పట్టుకుని కూర్చునే సమయం ఎంత? సగం కూడా ఉండదు. మిగతాదంతా ఎండ, గాలి, నీళ్ళు చేసే పని. మనం కాపలా ఉంటాం, అంతే. కాళహస్తిలో ఎవరినైనా ఆ టైములో “ఏం చేస్తున్నావు?” అని అడిగితే “సెలవు” అనరు. “గుడ్డ ఆరుతోంది” అంటారు. ఆ రోజు కూడా పనిరోజే.

కసిమి పెట్టడం నువ్వు చూశావో లేదో. ఇప్పుడు చాలామంది తయారుగా ఉన్నదే కొంటున్నారు. కుండలో నీళ్ళు పోసి బెల్లం, తాటిబెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేసి, మూతి గుడ్డతో కట్టి ఒక మూల పెడతాం. పదిహేను ఇరవై రోజులు అది పులవాలి. ఎండాకాలం కాస్త ముందే, చలికాలం కాస్త ఆలస్యంగా. పైన నురగ కడుతుంది, పుల్లటి వాసన వస్తుంది. రోజూ మూత తీసి కెలికినా ఒక్కరోజు కూడా ముందుకు జరగదు. తయారైన కసిమిని చూస్తే కొత్తవాళ్ళకు నమ్మకం కలగదు. పల్చగా, రంగు తేలిపోయినట్టు ఉంటుంది. కలాన్ని అందులో ముంచి, దానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో కొంచెం నొక్కి, కరక్కాయ గుడ్డ మీద పెట్టి లాగితే, కలం ముందుకు పోతుంటే వెనకే గీత నల్లబడుతూ వస్తుంది. ఇనుము, వగరు కలిసినచోట పుట్టే నలుపు అది. ఎన్నేళ్ళు చూసినా నాకు ఇప్పటికీ ఆ క్షణం ఇష్టం. అదే కసిమి పచ్చిగా ఉన్నప్పుడు తొందరపడి వాడితే గీత బూడిద రంగులో వెలవెలబోతుంది, నాలుగు ఉతుకులకు నిలవదు. నువ్వు ఇప్పుడు చేస్తున్నది పచ్చి కసిమితో గీయడం లాంటిదే. చేతిలో లోపం లేదు, కుండకు టైము ఇవ్వలేదు.

అంటే హెయిర్ డ్రయ్యర్‌తో నువ్వు ఆదా చేసింది గంటా రెండు గంటలు కాదు. పనిలో సహజంగా ఉన్న విశ్రాంతిని తీసేశావు. తీసేసిన చోట ఇంకో ఆర్డర్ పెట్టావు. ఇప్పుడు విశ్రాంతి కావాలంటే పనికి బయట, విడిగా, ఎక్కడి నుంచో తెచ్చుకోవాల్సి వస్తోంది. అలా తెచ్చుకున్నది దొంగతనంగానే అనిపిస్తుంది. ముందు డ్రయ్యర్ తీసి అటక మీద పెట్టు. ఆరేటప్పుడు ఆరనీ.

పాతకాలమే బంగారం అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మా పెద్దవాళ్ళు కత్తిరి ఎండల్లో పొద్దు పొడవకముందే కూర్చునేవాళ్ళు. ఎండ ముదిరేసరికి సంగటి తిని ఒక కునుకు తీసి, మళ్ళీ చల్లబడ్డాక కలం పట్టేవాళ్ళు. వానలు పట్టుకుంటే ఆరబెట్టడానికి ఎండ ఉండదు. మా స్వర్ణముఖి నదిలో నీళ్ళు వచ్చేది ఆ వానలకే, గుడ్డ ఆరనిది కూడా ఆ వానలకే. అప్పుడు వెదురు చీల్చి కలాలు చెక్కుకోవడం, ఉన్ని చుట్టుకోవడం, చింతపుల్లలు కాల్చుకోవడం, భారతంలో ఫలానా ఘట్టం ఎలా వెయ్యాలి అని మాట్లాడుకోవడం. వినడానికి బాగుంటుంది. కానీ ఆ నెలల్లో చేతిలో డబ్బులు ఆడేవి కావు, అప్పులు చేసేవాళ్ళు. పని లేకపోవడం వేరు, విశ్రాంతి వేరు. రేపు పని ఉందని తెలిసినవాడు మాత్రమే ఈరోజు హాయిగా పడుకోగలడు. నీకు నెల జీతం ఉంది. మా పెద్దవాళ్ళకు లేని వీలు అది. దాన్ని వాడుకో. ఆ ధైర్యంతో ఆర్డర్లు తగ్గించు. ఈ విషయానికి మళ్ళీ వస్తా.

రెస్ట్ అంటే ఏమిటి అన్నదాంట్లోనే చాలామందికి తికమక ఉంది. ఏది అలిసిందో దానికి విశ్రాంతి ఇవ్వాలి. నీ రోజు చూడు. ఆఫీసులో స్క్రీను ఒక మూర దూరంలో. రాత్రి గుడ్డ అంతకంటే దగ్గరలో. పడుకునే ముందు ఫోను ఇంకా దగ్గరలో. పొద్దుటి నుంచి రాత్రి దాకా అవే కళ్ళు, అదే వంగిన మెడ, అదే మణికట్టు. పైగా ఆ ఫోనులో చూసేది ఏమిటి? వేరేవాళ్ళు వేసిన చీరలు. వాళ్ళ రంగులు, వాళ్ళకొచ్చిన లైకులు. మంచం మీద పడుకుని ఉన్నా నీ మనసు దుకాణంలోనే కూర్చుని ఉంది. అది విశ్రాంతి కాదు. నీలాంటివాళ్ళకు విశ్రాంతి లేచి నిలబడటం, నడవడం, దూరంగా చూడటం.

తిరుపతిలో ఏ మిద్దె ఎక్కినా కొండ కనపడుతుంది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు కొండకు దండం పెట్టుకుంటారు గానీ, కొండను చూడటం ఎప్పుడో మానేశారు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కలం దగ్గరికి పోవద్దు, మిద్దె మీదికి పో. వాన పడిన మరుసటి రోజు ఆ బండల అంచులు ఎంత స్పష్టంగా తేలతాయో, ఎండాకాలం అవే ఎలా మసకబారిపోతాయో చూడు. పొద్దు వాలేకొద్దీ ఎర్రరాయి మీద రంగు ఎన్నిసార్లు మారుతుందో చూడు. దాన్ని ఫోటో తియ్యొద్దు, బొమ్మగా వెయ్యాలని అసలు అనుకోవద్దు. దగ్గర పని చేసేవాళ్ళు ఇరవై నిమిషాలకు ఒకసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడాలని కళ్ళ డాక్టర్లు చెప్తారు కదా, ఆఫీసులో అది చెయ్యి. మిద్దె మీద మాత్రం లెక్క పెట్టుకోవద్దు.

మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన రిషి వ్యాలీ బడిలో ‘అస్తాచల్’ అని ఒక పద్ధతి ఉంది. పొద్దు గూకే వేళ పిల్లలంతా ఒకచోట చేరి, మాట్లాడకుండా, సూర్యుడు కొండల వెనక్కి దిగడం చూస్తూ కూర్చుంటారు. దాని మీద పరీక్ష లేదు, వ్యాసం రాయమనరు. పిల్లలకు చదువులో ఒక భాగంగా అది పెట్టారంటే, పెద్దవాళ్ళకు రోజులో ఒక భాగంగా ఉండటంలో తప్పేముంది? అదే మదనపల్లెకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ వచ్చి, దక్షిణ దేశం తిరుగుతున్న మధ్యలో కొన్ని రోజులు బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉన్నారు. జనగణమనకు ఆయన ఇంగ్లీషు అనువాదం చేసింది అక్కడే. కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాట బాణీకి స్వరాలు కట్టింది కూడా అప్పుడే. ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలిచ్చే మనిషి, ఒకచోట కాస్త ఆగిన రోజుల్లో జరిగిన పని అది.

అయితే ఈ కథ చెప్పి నీకు ఇంకో బరువు పెట్టాలని లేదు. అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నా. ఐడియాలు వస్తాయని రెస్ట్ తీసుకోవద్దు. అలా చేస్తే మిద్దె మీద కూర్చుని “ఇంకా ఏమీ తట్టలేదే” అని గడియారం చూస్తావు. అదీ ఒక డ్యూటీ అయిపోతుంది. కొత్తది తట్టినా తట్టకపోయినా ఆ గంట నీది. ఒళ్ళు తేలికపడితే చాలు. మిగతాది దానంతట అదే ఎప్పుడో అంట్లు తోముతున్నప్పుడు వస్తుంది, రాకపోయినా ఫరవాలేదు.

తప్పు చేసినట్టు ఉంటుందన్నావే, దాని మూలం నీలో లేదు. మన ఇళ్ళలో ఆడపిల్ల ఊరికే కూర్చుంటే “ఏమే, పనేం లేదా, ఈ కందిపప్పు ఏరు” అంటారు. చిన్నప్పటి నుంచి విన్న మాట, ఇప్పుడు ఎవరూ అనకపోయినా లోపల నుంచి వినిపిస్తుంది. మా ఇంట్లో అవ్వ దీనికి భలే సమాధానం చెప్పేది. కొండ మీద అంత జనం క్యూలో ఉన్నా రాత్రికి స్వామికి ఏకాంతసేవ చేస్తారా లేదా, అనేది. నిజమే కదా. భోగ శ్రీనివాసమూర్తిని మంచం మీద పవళింపజేసి, పాలు పండ్లు నివేదన చేసి, తలుపులు వేస్తారు. మళ్ళీ తెల్లవారుజామున సుప్రభాతంతోనే మేలుకొలుపు. లోకమంతా మొక్కులు పట్టుకుని నిలబడ్డ గుడిలోనే నిద్రకు ఒక సేవ, ఒక వేళ పెట్టుకున్నారు మన పెద్దలు. నీ ఆర్డర్లు అంతకంటే అర్జెంటు కావు తల్లీ.

మీ అమ్మ “ఇవన్నీ నీకెందుకు, మానెయ్” అంటోందని బాధపడ్డావు. ఆమె మానెయ్యమంటున్నది కలంకారీని కాదేమో, పన్నెండు దాకా మేలుకోవడాన్నేమో. ఒకసారి అడిగి చూడు. రాత్రి పదికి దీపం ఆర్పితే ఆమే మొదట సంతోషిస్తుంది. నీ వయసు మనిషికి ఏడు గంటల నిద్ర తగ్గకూడదు. ఇందులో బేరం లేదు. ఇంకో సంగతి, ట్యూబులైటు కింద పసుపు రంగు నిజంగా ఎలా ఉందో తెలియదు. రాత్రి బాగుందనుకున్నది పగటి వెలుతురులో ఆకుపచ్చగానో మట్టి రంగుగానో కనపడుతుంది. రాత్రి వేసి పొద్దున దిద్దుకోవడం రెండు పనులు. రాత్రి వెయ్యకపోతే ఒకటే పని.

ఆర్డర్ల విషయం. ఇది అసలైన ముడి, మిద్దె ఎక్కినంత మాత్రాన విడిపోదు. చేతిలో ఉన్నవి పూర్తయ్యేదాకా కొత్తవి తీసుకోవద్దు. అడిగినవాళ్ళకు “ఇప్పుడు తీసుకోవడం లేదు, సంక్రాంతి తర్వాత మెసేజ్ పెట్టండి” అని మర్యాదగా చెప్పు. కొందరు పోతారు, పోనీ. ఆగేవాళ్ళే చేతిపని విలువ తెలిసినవాళ్ళు. తేదీ చెప్పేటప్పుడు కలం పట్టే రోజులతో పాటు ఆరే రోజులు, ఉతికే రోజులు, వాన పడితే పోయే రోజులు కూడా కలిపి చెప్పు. ధరలో కూడా అవి కలపాలి. ఆరడానికి పట్టే రోజులకు డబ్బు అడగడం అన్యాయం అనుకుంటున్నావేమో, నేను అలా అనుకోను. మిషను మీద అచ్చు కొట్టిన గుడ్డకూ మన గుడ్డకూ తేడా ఆ రోజుల్లోనే ఉంది.

వీటితో పాటు ఒక చిన్న గుడ్డ, జేబురుమాలు అంతదైనా, అమ్మడానికి కానిది నీ దగ్గర ఉంచుకో. దాన్ని ఎవరికీ చూపించొద్దు, పోస్ట్ చెయ్యొద్దు. నెమలి తప్ప ఏదైనా వెయ్యి. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి అలాంటి గుడ్డ మీద వాళ్ళ వీధి కుళాయి దగ్గర బిందెల వరస వేసింది. ఒక్కో బిందెకు ఒక్కో వంపు, ఒకదానికి అంచు సొట్ట. దేవుళ్ళను వేసే చేత్తో ఆ సొట్టను ఎంత శ్రద్ధగా వేసిందో! ఆర్డర్ అయితే ఆ సొట్ట ఉండేది కాదు, ఎవరూ అడగరు కాబట్టి.

ఒంటరిగా కూర్చోవడమే విశ్రాంతి అని కూడా అనుకోవద్దు. మే నెలలో మీ ఊళ్ళో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది కదా. ఈసారి ఆఫీసుకు లీవు పెట్టి వీధిలో నిలబడు. బైరాగి వేషం రోజు ఒళ్ళంతా తెల్ల సుద్ద, బండ వేషం రోజు కుంకుమ ఎరుపు, తోటి వేషం రోజు బొగ్గు నలుపు, మెడలో వేపమండలు. మనం నెలల తరబడి గుడ్డ మీద రాబట్టే రంగులను ఊరంతా ఒంటి మీద పూసుకుని తిరుగుతుంది, సాయంత్రానికి కడిగేసుకుంటుంది. ఎవరూ దాచుకోరు, అమ్మరు. ఆ జనంలో ఒకపూట తిరిగి రా. పదిమందిలో కలిసిపోయి మనల్ని మనం మర్చిపోవడం కూడా బరువు దించుకోవడమే.

ఇక ఒక జాగ్రత్త. రాత్రిళ్ళు బొటనవేలు, పక్క వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టులో నరం నొక్కుకుంటోందేమో డాక్టరుకు చూపించు, నూనె రాసి ఊరుకోవద్దు. అలాగే నెల రోజులు తగ్గించుకున్నాక కూడా నిద్ర పట్టకపోయినా, ఆకలి లేకపోయినా, ఇష్టమైనవి కూడా చేదుగా అనిపించినా, అది అలసట ఒక్కటే కాకపోవచ్చు. రుయా ఆసుపత్రిలోనో ఇంకెక్కడైనానో మానసిక వైద్యులను కలువు. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇక నీ చేతిలో సగం వేసి ఉన్న గుడ్డ. మనసంతా దాని మీదే ఉందన్నావు కాబట్టి దాని సంగతి తేల్చేద్దాం. నల్ల గీతలు పూర్తయ్యాయి, పటిక ఇంకా పూయలేదు అని రాశావు. ఆపడానికి అదే మంచి చోటు. బాగా ఆరిందో లేదో చూసుకుని, పాత తెల్ల పంచెలో చుట్టి, ఎండ, తేమ తగలని చోట పెట్టు. మడత గట్టిగా పెట్టొద్దు, వెదురు బొంగుకో అట్ట గొట్టానికో చుట్టు. ఇనుప బీరువా అరలో నేరుగా పెట్టొద్దు, గుండుసూదులు, ఇనుప క్లిప్పులు అసలు వద్దు. ఎక్కడ తుప్పు తగిలితే అక్కడ కరక్కాయ గుడ్డ మీద నల్ల మచ్చ పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు. పాలు పట్టించిన గుడ్డ కాబట్టి పురుగు చేరకుండా నాలుగు ఎండు వేపాకులు పక్కన వెయ్యి. మధ్యలో ఒకసారి తీసి నీడలో గాలి తగలనిచ్చి మళ్ళీ చుట్టెయ్. కొన్ని వారాలకు దానికేమీ కాదు. పటిక పూసే రోజు మాత్రం పొద్దున్నే ఎండ కాసే రోజు చూసుకుని మొదలుపెట్టు. ఎంత చిక్కగా కలపాలో అనుమానం వస్తే ఇక్కడే రాయి, చెప్తాను.